పాత కారుకి ఏ ఆయిల్? ముందు ఉన్న ఆయిల్‌ని పరీక్షించండి

ఇంజిన్‌లో ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. పెట్రోల్లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆవిరవుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ దారిన బయటికి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి, ఆయిల్ ఉండే సంప్‌లోకి దిగుతుంది. కాలని పెట్రోలు, మసి కూడా దాని వెంటే దిగుతాయి. కొత్త ఇంజిన్‌లో ఇది స్వల్పం. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి రింగులు అరిగిన ఇంజిన్‌లో బాగా ఎక్కువ.

పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకుని నడుపుతున్న కార్లు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి. ‘ఏ ఆయిల్ పొయ్యమంటారు?’ అని వాటి యజమానులు అడిగితే, ‘పాత బండి కదా, కాస్త చిక్కటిది పొయ్యండి’ అన్న జవాబే తరచుగా వినిపిస్తుంది. అసలు ఆయిల్ ఎందుకు తగ్గుతోందో, ఎందుకు పెరుగుతోందో తేల్చకుండా గ్రేడు మారిస్తే లోపం పోదు. కొన్నాళ్లు కంటికి కనిపించదు, అంతే.

మట్టం తగ్గితే ఒక కథ, పెరిగితే మరొకటి

బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ తీయాలి. ఒకసారి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు ఒక లీటరు, చిన్న కార్లలో ఇంకొంచెం తక్కువ. వారానికోసారి చూసి, ఓడోమీటర్ అంకెతో సహా రాసి పెట్టుకుంటే నెల తిరిగేసరికి బండి ఎంత ఆయిల్ తాగుతోందో తేలిపోతుంది. వెయ్యి కిలోమీటర్లకు ఒక లీటరు వరకు ఖర్చయినా పరిమితిలోపలే అని కొన్ని కంపెనీలు లెక్కగడతాయి. అంతకు మించితే పొగ చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలిపొగ వస్తుంటే రింగుల మీద అనుమానం. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. పొగే లేకుండా మట్టం తగ్గుతుంటే బండి కింద అట్టముక్క పరిచి, తెల్లారాక చూడాలి.

మట్టం పెరుగుతుంటే మాత్రం తాత్సారం పనికిరాదు. మనం పోయకుండా ఆయిల్ పెరిగిందంటే ఇంధనమో, నీరో, కూలెంటో కలుస్తున్నట్టే.

పెట్రోలు కలిస్తే

నాలుగు లీటర్ల ఆయిల్ పట్టే ఇంజిన్‌లో 200 మి.లీ. పెట్రోలు కలిస్తే అది 5 శాతం. డిప్‌స్టిక్ మీద చూస్తే రెండు గీతల మధ్య దూరంలో ఐదోవంతు మాత్రమే. ఆ కాస్తకే 40 గ్రేడు ఆయిల్ పలచబడి 30 గ్రేడు పరిధిలోకి జారిపోవచ్చు. 2 శాతం దాటితే జాగ్రత్తపడాలని, 5 శాతానికి చేరితే వెంటనే మార్చాలని సాధారణంగా చెబుతారు.

డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోలు తెలిసిపోతుంది. కార్బురేటర్ కార్లలో చోక్ ఇరుక్కోవడం, ఫ్లోట్ పాడవడం, మెకానికల్ ఫ్యూయల్ పంపులో డయాఫ్రం చిరిగి పెట్రోలు నేరుగా సంప్‌లోకి కారడం మామూలు కారణాలు. ఇంజెక్షన్ కార్లలో అయితే కారే ఇంజెక్టర్. ఇవేవీ లేకపోయినా, రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక పెట్రోలు పోగుపడుతుంది. అలాంటి బండిని వారానికోసారి అరగంటకు పైగా హైవే మీద నడిపితే కొంత ఆవిరైపోతుంది. పంపు చిరిగిన బండికి ఈ చిట్కా పనికిరాదు.

నీరు కలిస్తే

ఆయిల్ పోసే మూత అడుగున పాల టీ రంగు జిగురు కనిపించగానే చాలామంది హెడ్ గ్యాస్కెట్ పోయిందని బెంబేలు పడతారు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తేటగా ఉండి, మూత దగ్గర మాత్రమే జిగురు ఉంటే అది తక్కువ దూరాలు తిరగడం వల్ల పట్టిన చెమ్మ కావచ్చు. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగుంటే బండి తీయకండి.

నీటి విషయంలో అంకెలు చాలా చిన్నవి. 0.2 శాతం నీరే హెచ్చరిక స్థాయి. నాలుగు లీటర్లలో అది 8 మి.లీ. అంటే ఒకటిన్నర టీస్పూన్లు. కంటికి రంగు మారి కనిపించేసరికి ఆ గీత ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కలిసింది కూలెంట్ అయితే అందులోని గ్లైకాల్ బేరింగులను తినేస్తుంది. దానికి ‘ఇంత వరకు ఫర్వాలేదు’ అనే అంకె లేదు.

అనుమానం వస్తే షెడ్డులో ఈ పరీక్షలు వరసగా చేయించాలి:

• కూలెంట్ ట్యాంకు మీద మార్కర్‌తో గీత గీసి, చల్లటి ఇంజిన్ మీద రోజూ చూడటం. బయట ఎక్కడా కారకుండా తగ్గుతుంటే లోపలికి పోతున్నట్టే.

• ప్రెషర్ టెస్ట్. రేడియేటర్ మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి, చాలా కార్లకు 0.9 బార్, పంపుతో ఎక్కించి పది పదిహేను నిమిషాలు ఆగాలి. ముల్లు దిగితే ఎక్కడో దారి ఉంది.

• రేడియేటర్‌లోకి పొగ వస్తోందో లేదో చూసే రసాయన పరీక్ష. నీలిరంగు ద్రవం పసుపుకు తిరిగితే కాలిన గ్యాసు కూలెంట్‌లో కలుస్తున్నట్టు.

• కంప్రెషన్ టెస్ట్. సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం లోపు ఉండాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒత్తిడి తక్కువగా ఉంటే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందని అనుమానించాలి. ఒక్కదాంట్లోనే తక్కువుంటే అందులో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూస్తారు. ఒత్తిడి పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

వరద నీటిలో మునిగిన కారు సంగతి వేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండిని స్టార్ట్ చేసి చూడకూడదు. సిలిండర్‌లో నీరుంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఆయిల్ కంటే నీరు బరువు కాబట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచి డ్రెయిన్ ప్లగ్ మెల్లగా వదులు చేస్తే ముందు నీరే వస్తుంది. ఆ బండికి బ్రేక్ ఆయిల్ కూడా మార్చాలి. కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు పీల్చుకుంటే ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది.

డబ్బా మీది అంకెలు

పరీక్షల్లో ఏ లోపమూ తేలకపోతే, లేదా తేలిన లోపం బాగు చేయించుకుంటే, అప్పుడు ఆయిల్ ఎంపిక. 20డబ్ల్యూ-40 అన్నప్పుడు మొదటి అంకె చలిలో ప్రవర్తనకు, రెండోది వేడిలో చిక్కదనానికి సంబంధించినవి. ప్రమాణాల ప్రకారం 20డబ్ల్యూ ఆయిల్‌ను చలిలో ఇంజిన్ తిప్పే పరీక్షకు మైనస్ 15 డిగ్రీల దగ్గర పెడతారు. 15డబ్ల్యూకి మైనస్ 20, 5డబ్ల్యూకి మైనస్ 30. లంబసింగిలో ఎముకలు కొరికే చలి కూడా సున్నా డిగ్రీల దరిదాపుల్లోనే ఆగుతుంది. కాబట్టి ఆ అంకె మన దగ్గర పెద్దగా ఇబ్బంది పెట్టదు. అమెరికాలోని మిన్నెసోటాలో పాత కారు కొనుక్కున్న తెలుగు విద్యార్థికి మాత్రం జనవరిలో అదే ముఖ్యం.

రెండో అంకెను 100 డిగ్రీల వేడిలో కొలుస్తారు. 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. 40 నుంచి 50కి వెళ్తే ప్రెషర్ ముల్లు కాస్త పైకి లేస్తుంది, చప్పుడు తగ్గుతుంది. కానీ ఒత్తిడి పెరిగినంత మాత్రాన ప్రవాహం పెరిగినట్టు కాదు. చిక్కటి ఆయిల్ సన్నటి సందుల్లోకి నిదానంగా చేరుతుంది, మైలేజీని కొంత తింటుంది. మాన్యువల్‌లో 30, 40 రెండూ ఉంటే, అరిగిన ఇంజిన్‌కు, మన ఎండలకు 40 ఎంచుకోవడం సబబే. మాన్యువల్ చెప్పని గ్రేడుకు పోవడం ఆఖరి మార్గం.

తర్వాత అక్షరాలు చూడాలి. పెట్రోలు ఇంజిన్లకు ఆయిల్ నాణ్యతను చెప్పే ఏపీఐ వర్గాలు ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎం 2004లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. పాత వర్గం అడిగే కారుకు కొత్తది పోయొచ్చు. అంబాసిడర్‌లాంటి పుష్‌రాడ్ ఇంజిన్ల విషయంలో కాస్త ఆలోచించాలి. వాటి క్యామ్ రాపిడిని తట్టుకోవడానికి జింకు, ఫాస్ఫరస్ కలిసిన రసాయనం కావాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ చెడకూడదని కొత్త 30 గ్రేడు ఆయిళ్లలో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి కుదించారు. 40, 50 గ్రేడులకు ఆ గరిష్ఠ పరిమితి లేదు. కాబట్టి అలాంటి బండికి 20డబ్ల్యూ-50 వంటిది రెండు విధాలా సరిపోతుంది. షాపులో 20డబ్ల్యూ-40 అనగానే బైక్ ఆయిల్ చేతిలో పెట్టే అవకాశమూ ఉంది. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉంటే అది ఆయిల్‌లో మునిగి ఉండే బైక్ క్లచ్ కోసం చేసినది, కారు కోసం కాదు. డీజిల్ బండికి ‘సీ’తో మొదలయ్యే వర్గం, ఉదాహరణకు సీఐ-4, చూడాలి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడటం సహజం, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

గ్యాస్కెట్ మార్పించాక లోపల మిగిలిన కూలెంట్ పోవాలంటే, సరైన గ్రేడులో చవకైన ఆయిల్, కొత్త ఫిల్టర్‌తో 200–300 కిలోమీటర్లు నడిపి మళ్లీ దించేయాలి. ఆ తర్వాతే ఉంచుకోదలచిన ఆయిల్ పోయాలి.

మామూలు వాడకంలోనూ ఇదే లెక్క. అరిగిన ఇంజిన్‌లో నీరు, పెట్రోలు, మసి దిగడం ఆగదు. ఎంత ఖరీదైన సింథటిక్ అయినా వాటిని మోయగలదేగానీ మాయం చేయలేదు. ఆవిరైనంత పోగా మిగిలినవి బయటికి పోయే దారి డ్రెయిన్ ప్లగ్ ఒక్కటే. కాబట్టి పదివేల కిలోమీటర్లకు ఒక ఖరీదైన డబ్బా కంటే, ఐదువేలకోసారి లేదా ఆరు నెలలకోసారి, ఏది ముందొస్తే అప్పుడు, మాన్యువల్ చెప్పిన గ్రేడులో సాదా ఆయిల్, కొత్త ఫిల్టర్ పాత బండికి ఎక్కువ మేలు చేస్తాయి.