కోడి ఒక్కటే కూస్తే తెల్లవారదు

"అరగంట సేపు ఫ్రిజ్ బంద్ చేస్తం పెద్దమ్మా" అన్నాడు సౌండ్ చూసే మా మిత్రుడు. స్టవ్ మీద చాయ్ పెడుతున్న ఆవిడ వెనక్కి తిరిగింది. "పాలు పలిగిపోతయి కద బిడ్డా!" అంది. అరగంటకేం కాదని నచ్చజెప్పి, ప్లగ్ తీసి, వాడు తన బండి తాళంచెవిని ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూశాడు. సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ తాళంచెవి కోసం తడుముకుంటే ఫ్రిజ్ గుర్తొస్తుంది, ప్లగ్ మళ్లీ పెడతాం. షూటింగుల్లో సౌండ్ వాళ్లు పాటించే పాత చిట్కా ఇది.

అది 2012. హనుమకొండలో ఓ పెంకుటిల్లు. జర్నలిజం చదువుతున్న ఆరుగురం కలిసి ఆరు నిమిషాల సినిమా తీస్తున్నాం. ఒంటరిగా ఉండే ముసలావిడ రోజూ సాయంత్రం రెండు గ్లాసుల్లో చాయ్ పోస్తుంది. కథ అంతే. ఆ ఇంటి పెద్దమ్మే మా నటి. నిజానికి మేము ఆ ఇంటికి వెళ్లడం అది రెండోసారి. నెల క్రితమే రెండు రోజులు తీసి, పనైపోయిందని సంబరపడ్డాం. అప్పుడు కూడా వాడు ఫ్రిజ్ ఆపుదామనే మొత్తుకున్నాడు. వెలుతురు పోతోంది, తర్వాత చూసుకుందాం లెమ్మని నేనే వద్దన్నాను. డైరెక్టర్ని నేను.

ఎడిటింగుకు కూర్చున్నాక తెలిసొచ్చింది. ఫ్రిజ్ మోటారు దానంతటదే నడుస్తుంది, దానంతటదే ఆగుతుంది. ఒక షాట్‌లో గుర్రుమంటుంది, పక్క షాట్‌లో ఉండదు. ఆ రెంటినీ అతికిస్తే ప్రతి కట్ దగ్గరా చెవిలో ఎవరో చిటికె వేసినట్టు ఉంటుంది. బొమ్మ ఎంత బాగున్నా చూసేవాళ్ల మనసు అక్కడే తెగిపోతుంది. పోనీ డబ్బింగ్ చెప్పిద్దామంటే, వంటింట్లో అలవోకగా అన్న మాట మైకు ముందు పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది. తెర మీది పెదవులకు మాట కలపడం అనుభవమున్న నటులకే కష్టం, పెద్దమ్మకు ఎలా వస్తుంది? మళ్లీ కెమెరా అద్దె, మళ్లీ బస్సు చార్జీలు, మళ్లీ ఆరుగురి భోజనాలు. ఖర్చు లెక్కలు చూసే అమ్మాయి తన స్కాలర్‌షిప్ డబ్బులు తీసి ఇచ్చింది. ఆ రోజు నేను చేసిన తప్పును మా గుంపులో ఒక్కరూ నా మొహం మీద అనలేదు. అందుకే అది ఈ రోజుకీ నాకు గుర్తుంది.

నాలుగు రోజులు, నలుగురు

తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మనకు సామెతై మిగిలింది. కోడిని దాచేస్తే తెల్లవారదనే ఊహ కన్నడ జానపదంలోనూ ఉంది. ఒక ముసలావిడ ఊరి కోడిపుంజును దొంగిలిస్తుంది, ఊరంతా చీకట్లో మునిగిపోతుంది. ఆ కథతో పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా విద్యార్థులు తీసిన 16 నిమిషాల సినిమా 'సన్‌ఫ్లవర్స్ వర్ ద ఫస్ట్ వన్స్ టు నో' 2024 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో విద్యార్థి చిత్రాల విభాగం లా సినెఫ్‌లో మొదటి బహుమతి గెలిచింది. ప్రపంచం నలుమూలల నుంచి 555 ఫిల్మ్ స్కూళ్లు 2,263 సినిమాలు పంపితే పోటీకి ఎంపికైనవి 18. వాటిలో ఇది ముందు నిలిచింది. బహుమతి 15,000 యూరోలు.

దర్శకుడు చిదానంద ఎస్. నాయక్ అంతకుముందు మైసూరులో వైద్యం చదివిన మనిషి. ఆయన పేరు పత్రికలన్నీ రాశాయి, రాయాల్సిందే. కానీ సినిమా దాదాపు అంతా రాత్రిపూటే సాగుతుంది. ఆ చీకటిని కంటికి ఆనేలా పట్టింది సూరజ్ ఠాకూర్ కెమెరా. కూర్చింది మనోజ్ వి. ఆ చీకట్లో ఊరిని చెవికి వినిపించింది అభిషేక్ కదమ్. నలుగురూ విద్యార్థులే. తీయడానికి పట్టింది నాలుగు రోజులు. టెలివిజన్ విభాగంలో ఏడాది కోర్సు ముగింపులో చేసే అభ్యాసం అది.

ఒకప్పటి ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో మొదలైన ఆ సంస్థ పద్ధతే నాకు ఎక్కువ నచ్చుతుంది. దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, సౌండ్ వేర్వేరు విద్యలు. ఒక్కో శాఖ నుంచి ఒక్కో విద్యార్థి వచ్చి కలిస్తేనే సినిమా. అది నలుగురి చదువుకూ లెక్కలోకి వస్తుంది. అంటే సౌండ్ చేసిన కుర్రాడు డైరెక్టరుకు సాయం చేసినవాడు కాడు, తన సినిమా తాను చేసుకున్నవాడు. ఈ ఒక్క తేడా మనసులో నాటుకుంటే గుంపులో సగం గొడవలు పుట్టనే పుట్టవు.

పేరు పడని పనులు

మన దగ్గర పిల్లలు షార్ట్ ఫిలిం అనుకోగానే ముందు తేలేది డైరెక్టర్ ఎవరన్నది. తర్వాత హీరో. తర్వాత కెమెరా ఎవరిదగ్గరుంది అన్న ఆరా. మిగతావాళ్లంతా ఒక్క మాటలో 'టీమ్'. ఆ టీమ్ ఏం చేస్తుందో దగ్గరగా చూస్తేగాని తెలియదు.

క్లాప్ సంగతే తీసుకోండి. సినిమా ప్రారంభోత్సవాల్లో పెద్దలతో క్లాప్ కొట్టించి ఫొటోలు తీస్తారు కనుక అదొక మర్యాద అనుకుంటాం. దాని అసలు పని వేరు. బొమ్మ కెమెరాలోకి, మాట వేరే రికార్డరులోకి వెళ్తాయి. పలక మీద సీను, షాటు, టేకు నంబర్లు రాసి, నోటితో చదివి, ఠప్పుమని కొడితే ఆ రెండు చెక్కలు తాకిన ఫ్రేమునూ ఆ చప్పుడునూ ఎడిటర్ కలుపుతాడు. అక్కడి నుంచి పెదవీ మాటా కలిసే నడుస్తాయి. క్లాప్ లేని షాటుకు ఎడిటర్ పెదవుల కదలిక చూస్తూ వెతుక్కోవాలి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఆరు నిమిషాలంటే 8,640 ఫ్రేములు. పలక కొనే డబ్బుల్లేకపోతే చేతులు కలిపి ఒక్క చప్పట్టు కొట్టినా చాలు.

మా సినిమాలో కంటిన్యుటీ, అంటే ఒక షాటుకూ పక్క షాటుకూ తేడా రాకుండా చూసిన అమ్మాయి నోట్‌బుక్ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. 'షాట్ 11: ఎడమ గ్లాసు సగానికి కాస్త పైన, ఆవిరి ఉంది. కొంగు భుజం మీద, నడుముకు చెక్కలేదు. గోడ గడియారం కనిపిస్తోంది, 4.40.' గడియారాన్ని చూసిన వెంటనే లేచి, బ్యాటరీ తీసేసి ముల్లు అక్కడే ఆపేసింది. మేమెవరం గమనించలేదు. ఆ పని చేయకపోతే ముసలావిడ ఒక గుక్క చాయ్ తాగేలోగా తెర మీద గంటన్నర గడిచిపోయేది. సినిమా చూసిన వంద మందిలో ఒక్కరూ ఆ గడియారం గురించి మాట్లాడలేదు. ఆ అమ్మాయి పని అంత బాగా చేసిందన్నమాట.

కెమెరా మిత్రుడిది ఇంకో పోరు. ట్యూబ్‌లైటు కింద తీస్తే బొమ్మలో చారలు పాకాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దీపం సెకనుకు వంద సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షటరును సెకనులో యాభయ్యో వంతుకు తెస్తే చారలు పోయాయి. దాన్ని కనుక్కోవడానికి వాడు మధ్యాహ్నం భోజనం మానేశాడు.

అన్నిటికన్నా చివరిది, నాకు చాలా ఇష్టమైనది, రూమ్ టోన్. షాట్లన్నీ అయ్యాక సౌండ్ మనిషి అందరినీ ఉన్నచోట ఉన్నట్టే ఆగమంటాడు. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం, ఎవరూ కదలకూడదు. ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తాడు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. మాటల మధ్య సందుల్లో ఎడిటర్ దాన్ని పరుస్తాడు. ఆ రోజు పెద్దమ్మ చేతిలో గ్లాసుతో, మేం ఆరుగురం గోడకు ఆనుకుని, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ నిలబడ్డాం. ఎక్కడో దూరంగా పిచ్చుకలు. రెండు రోజులు వాదులాడుకున్న ఆరుగురం మొదటిసారి ఒకే పని చేశాం.

పరికరాలు వచ్చాయి, మరి?

2008లో కెనాన్ ఫైవ్‌డీ మార్క్ టూ వచ్చాక సినిమాలాంటి బొమ్మ స్టిల్ కెమెరా అద్దెకే దొరకసాగింది. ఇప్పుడు ఫోను చాలు. షార్ట్ ఫిలింల దారిలో వచ్చిన తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్లి చూపులు'ను సింక్ సౌండ్‌తో, అంటే షూటింగులోనే మాటలు రికార్డు చేస్తూ తీస్తే, డబ్బింగుకు అలవాటైన మన చెవులకు ఆ మాటల సహజత్వం కొత్తగా తోచింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారమూ దక్కింది. ప్రవీణ్ కాండ్రేగుల 'సినిమా బండి' 2021లో వచ్చింది. ఆటోలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరాతో పల్లెటూరి జనం సినిమా తీయబూనే కథ అది. కెమెరా దొరకడం ఆ కథకు మొదలు మాత్రమే. అసలు కథంతా ఊరి మనుషులు ఒకరికొకరు తోడు రావడంలోనే ఉంది. గుంపుగా సినిమా తీయాలనుకునే పిల్లలు ముందు చూడాల్సిన సినిమా అదేనంటాను.

షార్ట్ ఫిలిం పోటీలు పెట్టే కళాశాలలకు ఒక విన్నపం. బహుమతి ఇస్తే సౌండుకూ ఎడిటింగుకూ కంటిన్యుటీకీ విడిగా ఇవ్వండి. మార్కులుంటే పనిని బట్టి ఎవరివి వాళ్లకు వేయండి. ఒక సినిమాలో డైరెక్టర్ అయినవాడు పక్కవాడి సినిమాలో బూమ్ మైకు పట్టాలన్న నియమం పెట్టండి. చేతులు నొప్పెట్టేలా పది నిమిషాలు మైకు పట్టి నిలబడ్డవాడు, తన సెట్లో మైకు పట్టినవాడి మాట తప్పకుండా వింటాడు. నాకు ఆ అవకాశం ముందే దొరికి ఉంటే పెద్దమ్మ ఇంటికి రెండోసారి వెళ్లేవాళ్లం కాదు.

ఇక మీకు. ఈ సెలవుల్లో నలుగురైదుగురు పిల్లలు మీ తలుపు తట్టి, "ఒక్కపూట మీ వరండా ఇస్తారా అంకుల్, సినిమా తీసుకుంటాం" అని అడగొచ్చు. ఇవ్వండి. కాసిని మంచినీళ్లివ్వండి. ఫ్యాన్ ఆపమంటే ఆపండి, ఫ్రిజ్ ఆపమన్నా ఆపండి. పాలు పలగవు.