వార్తల్లో పదం: స్థానిక అభ్యర్థి

రాజ్యాంగంలోని 371డి అధికరణ కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా కనీసం నాలుగేళ్లు వరుసగా ఒక ప్రాంతంలో చదివిన విద్యార్థి ఆ ప్రాంతానికి ‘స్థానిక అభ్యర్థి’ అవుతాడు. ఇందుకు భిన్నంగా, కళాశాల ఫీజుల సాయానికి 2014లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన ‘ఫాస్ట్’ పథకం 1956 నవంబరు 1 నాటి నివాసాన్ని గీటురాయిగా తీసుకుని, తీవ్ర విమర్శలకు గురై, మరుసటి ఏడాదే రద్దయింది.

నాలుగేళ్ల నిబంధనను అందుకోవడం అందరికీ సాధ్యం కాదు. హైదరాబాద్ పాతబస్తీ దక్షిణపు అంచున, ఒకప్పుడు నిజాం కొలువులోని అరబ్బు సైనికులు నివసించిన బార్కస్‌లో నేడు సీఆర్‌పీఎఫ్ కేంద్రీయ విద్యాలయం ఉంది. ఇటువంటి బడుల్లో చదివే జవానుల పిల్లలకు, తల్లిదండ్రుల బదిలీలతో ఊరూ బడీ మారుతుంటాయి గనుక, నాలుగేళ్ల వరుస తెగిపోవడం కొలువు స్వభావమే తప్ప వారి లోపం కాదు.

వైద్య విద్య సీట్లకు ఈ నాలుగేళ్ల నిబంధనను బిగించిన 2024 నాటి జీవో 33ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థిస్తూనే, తెలంగాణను స్వస్థలంగా నమోదు చేయించుకుని సైన్యంలోనో కేంద్ర సాయుధ బలగాల్లోనో చేరి, రాష్ట్రం వెలుపల పనిచేసినవారి పిల్లలకు మినహాయింపునిస్తామన్న ప్రభుత్వ ప్రతిపాదనను ఆమోదించింది. ఇది న్యాయమైన సవరణ. ఈ మినహాయింపును కోరే కుటుంబాలు ఉద్యోగంలో చేరిననాటి స్వస్థల నమోదు పత్రాన్ని, పిల్లల స్టడీ సర్టిఫికెట్లను ముందే సిద్ధం చేసుకోవాలి.