చచ్చుబడిన చేతికి మరల అక్షరాభ్యాసము

కృష్ణా కాలువల క్రింద బ్రతికేవారికి పక్షవాతమును గూర్చి చెప్పుట కష్టము కాదు. కాలువకు అడ్డు పడితే శివారు చేలు ఎండుతవి. గండి పడితే చుట్టుప్రక్కల చేలు మునుగుతవి. మెదడులోని రక్తనాళములకు జరిగేదీ ఈ రెండే. అయితే చేనుకు కొన్నాళ్ల గడువున్నది, మెదడుకు నిమిషములే గడువు. అడ్డును కరిగించే మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపున ఇవ్వవలె. అది గండి కాదని స్కానింగులో తేలిన పిమ్మటనే ఇవ్వవలె. అవనిగడ్డ నుండి విజయవాడకు 60 కిలోమీటర్లకు పైబడిన దూరము. “తెల్లవారనీ, చూద్దాము” అన్న మాటతోనే ఆ గడువు తీరిపోతుంది.

ప్రాణము దక్కిన తరువాతి కథ వేరు. రోగిని మంచమునకు అప్పగించి, అన్నము కలిపి నోటికందించి, “కదలకు నాన్నా” అనుటే సేవ అని మన ఇండ్లలో నమ్మకము. ఈ ప్రేమ మంచిదే గాని చేతికి శత్రువు.

న్యూయార్కు సిటీ కళాశాలలో ఆచార్యుడూ, కవీ అయిన పెడ్రో బాక్-ఇ-రీటాకు 1959లో, 65వ యేట పక్షవాతము వచ్చినది. సగము శరీరము పడిపోయినది, మాట పోయినది. మెక్సికోలో వైద్యము చదువుచున్న కుమారుడు జార్జి ఆయనను తన వద్దకు తీసికొనిపోయినాడు. ఈ చికిత్సాశాస్త్రము అతనికేమీ తెలియదు. పసిబిడ్డ నడక ఎట్లు నేర్చునో అట్లే నేర్పదలచి, తండ్రిని గోడవారగా నెలల తరబడి ప్రాకించినాడు. పెద్దాయనను తోటలో ప్రాకించుట చూచి ఇరుగుపొరుగువారు ఏవగించుకొన్నారు. (మన ఊళ్లలోనైతే పంచాయతీయే పెట్టియుందురు.) అంట్లగిన్నెలు తోముటయే చేతికి వ్యాయామమైనది. సుమారు ఏడాదికి ఆయన మరల పాఠము చెప్పగలిగినాడు. 72వ యేట, కొలంబియా కొండలలో, గుండెపోటుతో మరణించినాడు. శవపరీక్షలో మెదడు నుండి వెన్నుకు దిగే నరములలో నూటికి 97 పాళ్లు నశించినట్లు కనిపించినది! పాడైన భాగము బాగుపడలేదు. మిగిలిన భాగమే ఆ పని నేర్చుకొన్నది.

ఒక్కరి కథ శాస్త్రము కాదు. 2006లో అమెరికాలో 222 మందిపై జరిగిన పరిశోధనలో, కొంత కదలిక మిగిలియున్నవారికి మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతిచేతనే రెండు వారములు పనులు చేయించగా మేలు కనిపించినది. నడక మొదలైన శ్వాసకు పని చెప్పే వ్యాయామములు నడకను మెరుగుపరచునని 2020లో 75 అధ్యయనములను కూర్చి చూచినవారు తేల్చినారు. అత్యుత్సాహము మాత్రము పనికిరాదు: 2015లో ప్రకటితమైన, 2104 మందిపై జరిగిన పరిశోధనలో మొదటి 24 గంటలలోనే లేపి ఎక్కువగా కదిలించినవారి ఫలితము తగ్గినది.

మనకు ఎక్కువ చేదైనది 2017 నాటి వార్త. 14 భారతీయ ఆసుపత్రులలో 1250 మంది రోగులను తీసికొని, సగము మంది ఇండ్లవారికి వ్యాయామము నేర్పి పంపినారు. ఆరు నెలలకు మరణించినవారు, పరాధీనులైనవారు రెండు వర్గములలోను నూటికి 47 మందే. ఇంటివారికి నేర్పరాదని దీని అర్థము కాదు. ఇంటివారి మీదనే భారము వదలిన చాలదని అర్థము. పల్లె గుమ్మము త్రొక్కే ఫిజియోథెరపిస్టు కావలె.

అంతవరకు ఇంటిలో ఉన్నవే సాధనములు: కుర్చీ నుండి పదే పదే లేచి కూర్చొనుట, చేటలో మినుములు ఏరుట, పలక మీద అక్షరములు దిద్దుట, చల్లని వేళ కాలువ గట్టున నడక. తోడు నడచేవారు బలహీనమైన ప్రక్కన ఉండవలె. గుండెలో నొప్పి గాని, కళ్లు తిరుగుట గాని తోచిన వెంటనే ఆపి వైద్యునికి చూపవలె. ఏ పరిస్థితిలోను చచ్చుబడిన చేయి పట్టి లాగి మనిషిని లేపరాదు. భుజము కీలు జారుతుంది.