తుపాకి మ్రోత – చెవికి రక్ష

ధర్మవరము పట్టుచీరలకు పేరుగాంచిన పట్టణము. అచ్చట చేమగ్గము లాడు వీధులలో నడచువారికి పగలెల్ల నొక చప్పుడు వినవచ్చుచుండును. అది మితమైన చప్పుడు. దానికొక లయ కలదు. దానివలన బాధ తోచదు. కాని పదునైదిరువది మరమగ్గములు ఒకే కప్పు క్రింద నాడుచుండు శాలలో నడుగిడినచో, ప్రక్కనున్నవాని మాటయైనను వినబడదు. అట్టి శాలలలో పనివారు చేసైగలతో మాటాడుకొందురు. ఏండ్ల తరబడి అచ్చట పనిచేసినవారు ఇంటికడ కూడ బిగ్గరగా మాటాడుట కలదు. అది వారి స్వభావము కాదు. వారి చెవి కొంత శక్తిని కోల్పోయినదనుటకు గురుతు. పెద్ద చప్పుడునందు పనిచేయువారికి చెవుడు వచ్చునని క్రొత్తగా కనుగొన్నది కాదు. 18వ శతాబ్దారంభముననే రామజ్జిని యను ఇటలీ దేశపు వైద్యుడు రాగిపాత్రలు కొట్టు పనివారి చెవుడును గూర్చి వ్రాసెను. 1886లో థామస్ బార్ అను వైద్యుడు గ్లాస్గో నగరమున బాయిలర్లు చేయు కార్మికుల వినికిడిని పరీక్షించి, వారిలో చెవి చెడనివారు మిక్కిలి యరుదని చూపెను.

మగ్గము చెవిని చెరచుటకు ఏండ్లు పట్టును. తుపాకికి అంత కాలము అక్కరలేదు. రక్షణలేని చెవికడ పెద్ద రైఫిలు ఒక్కమారు ప్రేలినను చాలును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల బాలబాలికలు కొందరు ఎన్.సి.సి. దళములలో చేరుదురు, అందు.22 రైఫిలుతో గురిచూచి కాల్చుట నేర్పుదురు. వారిలో ననేకులకు పిమ్మట సైన్యమునందో, పోలీసు శాఖయందో కొలువు సంపాదింపవలెనని కోరిక. సైన్యమున చేరగోరువానికి జరుగు వైద్యపరీక్షలో, ఆరు మీటర్లకు కొంచె మెక్కువ దూరమున గుసగుసగా పలికిన మాటను ఒక్కొక్క చెవితో వేర్వేరుగా వినగలుగవలెను. తుపాకి నేర్చుటకై పోయి, రక్షణ లేక చెవిని పోగొట్టుకొన్న బాలునికి ఆ తుపాకియే తుదకు కొలువు దక్కకుండ చేయును.

శబ్దము యొక్క తీవ్రతను డెసిబెళ్లలో కొలుతురు. ఈ కొలత మూర, గజము వంటిది కాదు. 3 డెసిబెళ్లు హెచ్చినచో శబ్దశక్తి రెండింతలగును. 10 హెచ్చినచో పదింతలగును. 20 హెచ్చినచో నూరింతలగును. మనుష్యులు సామాన్యముగా మాటాడుకొను చప్పుడు సుమారు 60 డెసిబెళ్లు. మరమగ్గముల శాలలో అది 90 మొదలు 100 వరకు ఉండును. .22 రైఫిలు ప్రేలినప్పుడు కాల్చువాని చెవికడ శబ్దము ఆ క్షణమున 130 మొదలు 140 డెసిబెళ్ల వరకు పోవును. సైనికులు వాడు పెద్ద రైఫిళ్లు 160 డెసిబెళ్లకు చేరును, దాటును. 60కిని 140కిని నడుమ ఎనుబది డెసిబెళ్ల భేదము. అనగా శక్తిలో పదికోట్ల రెట్లు. పెద్దలకు 140, పిల్లలకు 120 డెసిబెళ్లకు మించిన ప్రేలుడు శబ్దము తగులరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు చెప్పినది. కాబట్టి చిన్న రైఫిలే గదా యని బాలురు ఉపేక్షించుటకు వీలులేదు. దీపావళి టపాకాయల విషయమునను ఇదియే న్యాయము. ప్రేలుచోటికి నాలుగు మీటర్ల దూరమున 125 డెసిబెళ్లకు మించి మ్రోగు టపాకాయలను మన దేశపు నిబంధనలు నిషేధించినవి. కాని నాలుగు మీటర్ల దూరమున నిలుచు బాలు రెందరు?

ఈ శబ్దము చెవిలో చేయు పని యెట్టిదో తెలిసినగాని రక్షణ యెట్లుండవలెనో తెలియదు. గాలిలోని కదలికలు కర్ణభేరిని కదలించును. దాని వెనుక సుత్తి, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న యెముకలు ఆ కదలికను లోపలికి చేర్చును. లోపల నత్తగుల్లవలె చుట్టుకొనియున్న కర్ణావర్తమున ద్రవము నిండియుండును. ఆ ద్రవము కదలినప్పుడు అందున్న సూక్ష్మమైన కేశకణములు వంగి, ఆ వార్తను నాడిద్వారా మెదడునకు పంపును. ఒక్కొక్క చెవిలో ఇట్టి కణములు పదునైదువేలకు కొంచె మిటునటుగా ఉండును. మడకశిర, హిందూపురము ప్రాంతమున రాగిచేలను చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పిల్లగాలికి రాగికంకులు వంగి, మరల నిలుచును. గట్టిగాలికి చేను పడిపోయి, రెండుమూడు దినములకు కొంత లేచును. పెనుగాలికి కాడలు విరుగును. విరిగిన కాడ మరి లేవదు. చెవిలోని కేశకణములును ఇట్టివే. అయితే రైతు మరుసటి యేట మరల విత్తుకొనవచ్చును. మనుష్యుని చెవిలో నశించిన కేశకణము మరల మొలవదు.

ప్రేలుడు విన్న పిమ్మట కొంతసేపు చెవులు దిమ్మెక్కి, లోపల కీచుమని మ్రోగుచుండుట అందరెరిగినదే. ఒకటి రెండు దినములలో అది తగ్గును. తగ్గినదిగదా యని సంతోషింతురు. నిజమునకు అది చేను పడి లేచుట వంటిది. లేచునప్పుడు కొన్ని కాడలు లేవకయే యుండును. మొదట పోవునవి సన్నని, హెచ్చు స్థాయి శబ్దములు. సెకనుకు నాలుగువేల కంపనముల ప్రాంతమున నష్టము ముందు కనబడును. తెలుగు మాటలలో అచ్చులు బలముగా వినబడును; సకారము, శకారము, తకారము, కకారము వంటి హల్లులను తెలుపు భాగము ఈ సన్నని శబ్దములలోనే యున్నది. కావున చెవి చెడినవానికి మాట వినబడును గాని తెలియదు. అట్టివాడు, 'నాకు చెవుడు లేదు, మీరే స్పష్టముగా పలుకుట లేదు' అని యెదుటివారిని కోపించును.

కంటికి రెప్ప గలదు, చెవికి లేదు. చెవిలోపల ఒక చిన్న కండరము పెద్ద శబ్దమునకు బిగుసుకొని కొంత కాపాడును గాని, అది పూర్తిగా బిగియుటకు సెకనులో పదవవంతు కాలమైనను పట్టును. తుపాకి మ్రోత సెకనులో వెయ్యవవంతులలో వచ్చి పోవును. కావలివాడు కఱ్ఱ యందుకొనులోపల దొంగ వచ్చి పోయినట్లే.

ఇంకొక విశేషము. కుడిచేతి వాటమున రైఫిలు కాల్చువారిలో ఎడమచెవియే ముందుగా చెడును. తుపాకి మడమ కుడిభుజమున నానించి, తలను కుడివైపు వంచినప్పుడు, కుడిచెవి తలచాటున నుండును. ఎడమచెవి గొట్టపు కొనకు అభిముఖమగును. ఎడమచేతివాటము వారికి ఇది తారుమారు.

రక్షణసాధనములు ముఖ్యముగా రెండు విధములు. చెవి రంధ్రమున నుంచు బిరడా యొకటి. దీనిని ఇయర్ ప్లగ్ అందురు. చెవినంతయు కప్పు దొప్ప మరియొకటి. దీనిని ఇయర్ మఫ్ అందురు. దూదిని చెవులలో క్రుక్కుకొనుట మనవారి అలవాటు. చలిగాలికి దూది మంచిదే. తుపాకికి మాత్రము నిరుపయోగము. అది శబ్దమును స్వల్పముగా మాత్రమే తగ్గించును. పైగా రక్షణ యున్నదను భ్రమను కలిగించును గనుక, లేనిదానికంటె చెడ్డదని చెప్పవలెను. ఖాళీ తూటాలను చెవిలో పెట్టుకొను దుస్సాహసము కూడ కొందరిలో కలదు. లోహము చెవిగోడలకు సరిగా అంటదు. ఇరుక్కొనినచో తీయుటకు వైద్యుడు కావలెను.

మెత్తని నురుగు పదార్థముతో చేసిన బిరడా చౌక. 1970 దశకమున ఇది వాడుకలోనికి వచ్చినది. దీని గుణమంతయు పెట్టుకొను తీరునం దున్నది. శుభ్రమైన వ్రేళ్లతో దానిని ముడుతలు లేకుండ సన్నగా నులిమి, రెండవచేతిని తలవెనుకనుండి చాచి చెవి పైభాగమును పైకిని వెనుకకును లాగవలెను. అప్పుడు వంకరగానున్న చెవిమార్గము తిన్ననగును. బిరడాను లోనికి జొనిపి, అది ఉబ్బి నిండువరకు, అనగా అరనిమిష మంతటి కాలము, వ్రేలితో పట్టియుంచవలెను. చక్కగా అమరినచో తన మాట తనకే డోలులోనుండి వచ్చినట్లు తోచును. సగమే లోనికి పోయి, సగము బయట వ్రేలాడుచున్నచో ఆ బిరడా అలంకారమునకే.

పొట్లముపై నొక అంకె అచ్చువేయబడియుండును. అమెరికా పద్ధతిలో దానిని ఎన్.ఆర్.ఆర్. అనియు, ఐరోపా పద్ధతిలో ఎస్.ఎన్.ఆర్. అనియు అందురు. మన దేశమున చెవిరక్షణ సాధనములకు ఐ.ఎస్. 9167 అను ప్రమాణము కలదు. నురుగు బిరడాపై 32 అని యున్నచో, 32 డెసిబెళ్లు తగ్గునని కొనువాడు నమ్మును. ఆ అంకె ప్రయోగశాలలో, నిపుణులు దగ్గరనుండి అమర్చినప్పుడు వచ్చినది. సామాన్యులు వాడునప్పుడు నురుగు బిరడా విషయమున అందు సగము మాత్రమే లెక్కకు తీసికొనవలెనని అమెరికాలోని వృత్త్యారోగ్య పరిశోధన సంస్థ సూచించినది. దొప్పల విషయమున నాలుగవవంతు తీసివేసిన చాలును. అవి పెట్టుకొనుటలో పొరపాటు తక్కువగదా. 140 డెసిబెళ్ల .22 రైఫిలుకు సరిగా అమరిన ఏదో ఒక సాధనము చాలవచ్చును. 165 డెసిబెళ్ల పెద్ద రైఫిలుకు అది చాలదు. బిరడాను పెట్టుకొని, దానిపై దొప్పను కూడ ధరింపవలెను. ఇచ్చట బాలురు కూడికలో పొరబడుదురు. ముప్పదియు ఇరువదైదును కలిసి ఏబదియైదు కాదు. రెంటిలో పెద్దదానికి సుమారు 5 డెసిబెళ్లు మాత్రమే చేరును. ఏలయన, చెవి రంధ్రమును ఎంత మూసినను, శబ్దము పుఱ్ఱెయెముక గుండ లోపలికి చేరనే చేరును.

ఇక పోటీలమాట. అంతర్జాతీయ పోటీలలో 10 మీటర్ల దూరమునకు గాలితుపాకి, 50 మీటర్లకు .22 రైఫిలు, 300 మీటర్లకు పెద్ద రైఫిలు వాడుదురు. హైదరాబాదు వాసియైన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము గెలిచినది 10 మీటర్ల గాలితుపాకి పోటీలో. గాలితుపాకి మ్రోత స్వల్పము. అయినను చుట్టుప్రక్కల చప్పుళ్లు మనస్సును చెదరగొట్టకుండ పలువురు అచ్చట కూడ చెవులు మూసికొందురు.

రైఫిలు పోటీదారునకు సాధనము నెంచుకొనుటలో కొన్ని చిక్కులు కలవు. అతడు చెక్కిలిని తుపాకి మడమ కానించి గురిచూడవలెను. మందమైన దొప్ప మడమకు తగిలి, ప్రక్కకు తొలగును. తొలగిన సందున శబ్దము జొరబడును. పండుకొని కాల్చునప్పుడు ఈ చిక్కు మరింత హెచ్చు. కావున పలుచని దొప్పనో, బిరడానో ఎంచుకొనుట మేలు. కళ్లజోడు కాడ దొప్ప మెత్త క్రిందికి పోయినను సందు ఏర్పడును. సన్నని కాడలు గల జోడు వాడవలెను. మన ప్రాంతపు ఎండలలో దొప్పక్రింద చెమట పట్టును. చెమట తుడుచుకొనుటకై దొప్పను ఎత్తిన క్షణముననే ప్రక్కవాడు కాల్చుట సంభవింపవచ్చును. అందువలన లోపల బిరడా యుండగా పైన దొప్ప ధరించుట అనుభవజ్ఞుల పద్ధతి.

చిన్న మాటలను పెంచి వినిపించి, ప్రేలుడు రాగానే మూసికొను ఎలక్ట్రానిక్ దొప్పలు కూడ కలవు. శిక్షకుని మాట వినుటకు అవి యెంతయో ఉపయోగకరములు. కాని అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమముల ప్రకారము శబ్దమును పెంచు సాధనమును గాని, వార్తలను గ్రహించు సాధనమును గాని పోటీదారుడు పోటీలో ధరింపరాదు. వినికిడి లోపము గలవారికి మాత్రము అనుమతిపై మినహాయింపు కలదు. కావున వాటికే అలవాటుపడినవాడు పోటీ దినమున క్రొత్త నిశ్శబ్దమునకు కలవరపడును. పోటీలో ధరించునదానినే సాధనలోను ధరించుట ఉచితము. అట్లని, ఆజ్ఞలు వినబడనంతగా మూసికొనుటయు ప్రమాదమే. 'ఆపుడు' అను ఆజ్ఞ వినక తుపాకి కాల్చువాడు తనకును ఇతరులకును అపాయము తెచ్చును. చెవులు మూసికొన్నవారు అధికారి చేసైగను, తోడివారిని కనిపెట్టియుండుట నేర్వవలెను.

చెవులు మూసికొన్నచో గురి తప్పునని కొందరి భయము. హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్ చరిత్ర ఈ భయమును తీర్చును. అతడు పుట్టుకతో వినికిడి లేనివాడు. 2022 మే నెలలో బ్రెజిల్ దేశపు కాషియాస్ దొ సుల్ నగరమున బధిరుల ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, 10 మీటర్ల గాలితుపాకి పోటీలో అతడు స్వర్ణపతకము గెలిచెను. ఆ క్రీడలలో వినికిడి యంత్రమును తీసివేసి పోటీచేయవలెనని నియమము. సంపూర్ణ నిశ్శబ్దమున ప్రపంచమునందు ప్రథముడుగా నిలిచిన యువకుని ముందు, రెండు బిరడాలు తన గురిని చెరచినవని చెప్పువాని మాట నిలువదు. చెవులు మూసికొన్నప్పుడు తన ఊపిరి తనకు పెద్దగా వినబడుట నిజమే. అది మొదట వింతగా నుండును. ఊపిరి నిలిపి మీట నొక్కవలసిన రైఫిలు కాల్పరికి క్రమముగా అది తోడుపడుటయు కలదు.

కాల్పుస్థలమునకు చేరకమునుపే సాధనములు ధరింపవలెను. తన వంతు ముగిసినను, కాల్పుల వరుస దాటి దూరము పోవువరకు తీయరాదు. ప్రక్కవాని తుపాకికి మన వంతు ముగిసినదని తెలియదుగదా. నురుగు బిరడా మురికిపడినచో పారవేయవలెను. మురికిదానిని వాడినచో చెవిలో పుండ్లు పుట్టును. దొప్పల మెత్తలు ఎండకు గట్టిపడి బీటలు వారును. బీటలు కనబడగానే మెత్తలను మార్చవలెను. కాల్పుల పిమ్మట చెవిలో హోరు వినబడినచో ఆనాటి సాధన మానవలెను. మరుసటి దినమునకును తగ్గనిచో చెవి వైద్యునికడకు పోవలెను.