రక్తం ఇచ్చాక కళ్లు తిరిగితే...

ఆనందపురం చుట్టుపక్కల ఏ కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టినా కనిపించే దృశ్యమే. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న కుర్రాడి ముఖం ఒక్కసారిగా పాలిపోతుంది. చెమటలు, కళ్ల ముందు చీకట్లు. ‘రక్తం ఎక్కువ తీసేశారేమో’ అని పక్కవాళ్లు కంగారుపడతారు. ఇంటికొచ్చాక అమ్మ ‘ఇంకెప్పుడూ ఇవ్వొద్దు’ అనేస్తుంది. మీ ఇంట్లోనూ ఇలాగే జరిగిందా?

ఒకసారి తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లే. స్పృహ తప్పడానికి చాలాసార్లు అసలు కారణం నరాల స్పందన. భయం, సూది నొప్పి, రక్తం కంటపడటం... ఏదైనా సరే వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె వేగం మందగిస్తుంది. రక్తనాళాలు సడలి రక్తం కాళ్లలోకి చేరుతుంది. మెదడుకు కాసేపు సరఫరా తగ్గుతుంది. ఇది పిరికితనమేమీ కాదు. మొదటిసారి ఇచ్చేవారిలో, చిన్న వయసువారిలో, బరువు తక్కువ ఉన్నవారిలో ఎక్కువ.

ఖాళీ కడుపుతో వెళ్లకండి. ముందు రాత్రి బాగా నిద్రపోవాలి. రక్తం ఇవ్వడానికి అరగంట ముందు అరలీటరు నీళ్లు తాగండి. మన విశాఖ ఉక్కపోతలో ఇది మరీ అవసరం. మంచం మీద పడుకున్నాక కాళ్లు ఒకదానిపై ఒకటి వేసి తొడలు, పిరుదుల కండరాలను కొన్ని సెకన్లు బిగించి వదులుతూ ఉండండి. ఊపిరి మాత్రం బిగపట్టొద్దు. సూది ఉన్న చెయ్యి వదులుగా ఉండాలి. గతంలో ఒకసారి పడిపోయి ఉంటే సిబ్బందికి ముందే చెప్పండి, మొహమాటం వద్దు.

అసలు ప్రమాదం స్పృహ తప్పడం కన్నా పడిపోవడంతోనే. కొందరికి శిబిరం దాటాక, గంటల తర్వాత కూడా కళ్లు తిరుగుతాయి. ఆ సమయంలో బండి మీద ఆనందపురం జంక్షన్‌లో లారీల మధ్య ఉంటే? అందుకే పావుగంటైనా కూర్చుని, జ్యూస్ తాగి, నెమ్మదిగా లేవండి. ఇంటికి బండి ఇంకెవరైనా నడిపితే మేలు. తల తేలికైనట్టు అనిపిస్తే ‘ఇంటికెళ్లి పడుకుందాంలే’ అనుకోకండి. బండి పక్కకు ఆపి అక్కడే పడుకుని కాళ్లు ఎత్తిపెట్టండి.

పక్కనున్నవారు గుమిగూడొద్దు, ఉల్లిపాయ వాసన చూపించొద్దు. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు అసలే పోయకూడదు. నిమిషం, రెండు నిమిషాల్లో తెలివి రాకపోయినా, ఛాతీ నొప్పి ఉన్నా, తలకు దెబ్బ తగిలినా వెంటనే 108కి ఫోన్ చేయండి.