మాటే మందు

“ఇంటి గుట్టు లంకకు చేటు” అన్న సామెతను మనవాళ్ళు ఎంత గట్టిగా వంటబట్టించుకున్నారంటే, కాలు బెణికితే వీధి వీధికీ చెప్పుకుంటారు గాని, మనసు బెణికితే పక్కగదిలో వున్నవారికైనా చెప్పరు. ఆ చెప్పుకోవడాన్నే చికిత్సగా మలచిన శాస్త్రం ఒకటి వున్నది. అందులో మార్గాలూ అనేకం.

ఈ వైద్యం పుట్టినిల్లు వియన్నా నగరం. 1880-82 మధ్య బ్రాయర్ అనే వైద్యుని వద్ద చికిత్స పొందిన ఒక యువతి, బాధ చెప్పుకున్నకొద్దీ తెరిపి కలగడం గమనించి, దానికి “మాటల చికిత్స” అని పేరు పెట్టింది. వేళాకోళానికి “పొగగొట్టం దులపడం” అని కూడా అనేదట! 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి ఆమె కథను గ్రంథస్థం చేశారు. ఆమె అప్పటికి పూర్తిగా కోలుకోలేదని తరువాత తేలింది. అయినా బాట పడింది.

ఇంటర్మీడియెట్ పరీక్ష తప్పిన కుర్రవాడొకడు వున్నాడనుకుందాం. అన్నం సయించదు. గది దాటి రాడు. “నేనెందుకూ పనికిరాను” అంటాడు.

ఫ్రాయిడ్ మార్గంవారు అతణ్ణి పడుకోబెట్టి, తాము వెనుకగా కూర్చుని, తోచిందల్లా చెప్పమంటారు. ఓటమి అంటే ఇంత భయం ఏనాడు నాటుకున్నదో బాల్యంలో వెతుకుతారు. దీనికి ఏళ్ళు పట్టవచ్చు. ఈ పద్ధతికి మన దేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో ఒక సంఘం స్థాపించాడు.

అమెరికాకు చెందిన కార్ల్ రోజర్స్ మార్గం వేరు. ఆయన పద్ధతివారు సలహాలివ్వరు, తప్పెన్నరు. “ఇంట్లోవాళ్ళ ముఖం చూడలేకపోతున్నావు, అంతేనా?” అని అతని మనసునే అతనికి అద్దంలో చూపుతారు. తనను అర్థం చేసుకునేవారు దొరికితే మనిషి తన దారి తానే వెతుక్కోగలడని వారి నమ్మకం.

ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ మొదట ఫ్రాయిడ్ మార్గంలోనే శిక్షణ పొంది, 1960 తరువాత కొత్త దారి తీశాడు. “పనికిరానన్నావే, ఋజువేది? మీ తమ్ముడికి లెక్కలు నేర్పింది ఎవరు?” అని ఆ ఆలోచననే బోనులో నిలబెడతారు ఈ మార్గంవారు. రేపు ఉదయం కాసేపు నడిచి రమ్మని చిన్న పని కూడా అప్పగిస్తారు. తరచు కొద్ది నెలల్లోనే ముగుస్తుంది. దిగులుకూ, ఆందోళనకూ బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలిన మార్గమిది.

మరి ఏది మేలు? జబ్బునుబట్టి, మనిషినిబట్టి. కొందరికి మాత్రలూ కావాలి. ఏ మార్గమైనా చెప్పేవారికీ వినేవారికీ నడుమ నమ్మకం కుదరనిదే పారదు. వినేవారి చదువు, అనుభవం ముందే అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

గుట్టు బయటపడుతుందన్న బెంగ వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణాపాయంవంటి కొన్ని సందర్భాల్లో దానికి మినహాయింపు వుంది. లంకకు చేటు తెచ్చింది గుట్టు శత్రువుకు చేరడం గదా! వైద్యుడు శత్రువు కాడు.

2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన “టెలి మానస్”కు 14416 నంబరుపై రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. “ఎదురింటి అబ్బాయికి ఫస్టుక్లాసు వచ్చింది” అనే ముందు, “ఏం నాయనా, ఎలా వుంది మనసు?” అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. చావు మాట నోట వస్తే కసరకండి, ఒంటరిగా వదలకండి. ఆనాడే వైద్యునివద్దకు తీసుకువెళ్ళండి. పరీక్ష మళ్ళీ వస్తుంది. బిడ్డ మళ్ళీ రాడు.