కిలికికి మూలం దొరికింది.. మరి నానమ్మ మాటకి?

శుక్రవారం రాత్రి మాదాపూర్‌లో షిఫ్ట్ అయిపోయింది. క్యాబ్ వచ్చేలోపు ఫోన్‌లో తెలుగు వికీపీడియా తెరిచా. ‘బాహుబలి’లో కాలకేయులు మాట్లాడే కిలికి భాష గురించి రాద్దామని! సినిమా చూస్తూ నాకు వినపడ్డ మాటలన్నీ, నేననుకున్న అర్థాలతో సహా ఎక్కించేశా. తెల్లారేసరికి తీసేశారు. ‘మూలం ఏది?’.. ఒకటే ప్రశ్న.

మొదట ఒళ్లు మండింది. తర్వాత కూర్చుని వెతికా. 2015లో వచ్చిన ఆ సినిమా కోసం ఈ భాషను తయారుచేసింది తమిళ గీత రచయిత మదన్ కార్కి. దాదాపు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలు. నేను అంటే ‘మిన్’, నువ్వు అంటే ‘నిమ్’.. తిరగేస్తే సరి! వార్తల లింకులిచ్చి మళ్లీ రాశా. ఈసారి నిలిచింది.

ఆదివారం సిద్దిపేట వెళ్లి నానమ్మకి చూపించా. ‘‘లేని బాసకు గింత రాసినవ్.. మన మాటలు గూడ రాస్తవా బిడ్డా?’’ అంది.

విక్షనరీలో పెడదామని ఆమె మాటలు రాసుకున్నా. కొన్నింటికి నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ ఆసరా అయింది. కొన్ని మాత్రం ఆమె నోట్లో తప్ప నాకెక్కడా దొరకలేదు.

కిలికిలో డౌటొస్తే చెప్పడానికి దాన్ని పుట్టించినాయన ఉన్నారు. నానమ్మకి ఎనభై దాటాయి. అందుకే ఇప్పుడు ఊరెళ్తే ముందు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేస్తున్నా.

మీ ఇంట్లోనూ అలాంటి మాటలున్నాయా? ఫోన్ చేతిలోనే ఉందిగా!